మా అమ్మాయి సెకండరీలు, ఆ 3,900 డాలర్ల ప్యాకేజీ

మొన్న పావెల్ గుడిలో భోజనాల దగ్గర ఒకావిడ నన్ను పక్కకు పిలిచారు. "మీ అమ్మాయికి మెడికల్ సీటు వచ్చిందట కదండీ. ఎస్సేలు దిద్దే కంపెనీకి డబ్బు కట్టారని విన్నాను. పనికొచ్చిందా? మావాడు వచ్చే మే నెలలో అప్లై చేస్తాడు" అన్నారు. చేతిలో ప్లేటు పట్టుకుని నిలబడి చెప్పగలిగే జవాబు కాదది. ఈ ఏడాది ఇదే మాట అడిగినవాళ్ళలో ఆవిడ నాలుగో మనిషి. అందుకే తీరిగ్గా కూర్చుని రాస్తున్నాను.

కంపెనీ పేరు మాత్రం రాయను. ఇలాంటివి ఇక్కడ అమెరికాలో చాలా ఉన్నాయి, అన్నీ ఇంచుమించు ఒకే రకం ప్యాకేజీ అమ్ముతాయి. ఆ ప్యాకేజీలో ఏముంటుందో, అందులో మాకు ఏది అక్కరకు వచ్చిందో, ఏది నష్టం చేయబోయిందో చెప్తాను.

మాది ఉద్దానం. సోంపేట పక్క పల్లె. 1993లో ఎంసెట్ రాశాను, మెడిసిన్ ర్యాంకు రాలేదు. బీఎస్సీ చేశాను, పెళ్ళయ్యాక ఇక్కడికొచ్చి మళ్ళీ చదువుకుని ఇప్పుడు ఒహాయో రాష్ట్రం కొలంబస్‌లో ఒక ఆసుపత్రి ల్యాబ్‌లో పనిచేస్తున్నాను. నాకు తెలిసిన మెడికల్ అడ్మిషన్ అంటే ఒక పరీక్ష, ఒక ర్యాంకు, ఒక కౌన్సెలింగు. మన దగ్గర ఇప్పుడు నీట్ అన్నా కూడా అంతే కదా, 720కి ఎన్ని వచ్చాయన్నదే లెక్క. అమెరికాలో అలా ఉండదని వింటూనే ఉన్నాను. 2024 వేసవిలో మా అమ్మాయి అప్లై చేసినప్పుడు గానీ ఆ తేడా ఎంతటిదో నాకు తెలిసిరాలేదు.

ఇక్కడ ముందు ఎంక్యాట్ అనే ప్రవేశ పరీక్ష రాయాలి. మొత్తం 528. దానితోపాటు డిగ్రీ మార్కుల సగటు, అంటే జీపీఏ, 4కి లెక్క. ఈ రెండూ పెట్టి ఆమ్‌కాస్ అనే ఉమ్మడి దరఖాస్తు నింపాలి. దీన్నే పిల్లలు ప్రైమరీ అంటారు. డాక్టర్ ఎందుకు కావాలనుకుంటున్నావో ఖాళీలతో కలిపి 5,300 అక్షరాల్లో రాయాలి. చేసిన పనులు 15 వరకు చూపించాలి, ఒక్కోదానికి 700 అక్షరాలు. వాటిలో ముఖ్యమైన మూడింటికి ఇంకో 1,325 అక్షరాల చొప్పున ఇస్తారు. మే నెల చివర్లో పంపడం మొదలవుతుంది, ఆమ్‌కాస్ వాళ్ళు మార్కులన్నీ సరిచూసి జూన్ నెలాఖరు నుంచి కాలేజీలకు అందజేస్తారు. అయిపోయిందని ఊపిరి పీల్చుకునేలోపు ఒక్కో కాలేజీ నుంచీ వేరువేరుగా ఈమెయిళ్ళు మొదలవుతాయి: మా ప్రశ్నలకు కూడా జవాబులు రాయండి, మా ఫీజు కూడా కట్టండి అని. సెకండరీలంటే ఇవే.

కొన్ని కాలేజీలు ప్రైమరీ చూసి వడగట్టి కొందరికే సెకండరీ పంపుతాయి. చాలా కాలేజీలు దాదాపు అందరికీ పంపుతాయి. ఒక కాలేజీ రెండు ప్రశ్నలడుగుతుంది, ఇంకొకటి ఎనిమిది. ఒకచోట 250 పదాలు, ఇంకోచోట 1,500 అక్షరాలు. మా కాలేజీయే ఎందుకు, నీ జీవితంలో ఎదుర్కొన్న కష్టమేంటి, నీ అనుభవం మా క్లాసుకు ఏం తెచ్చిపెడుతుంది, డిగ్రీ అయ్యాక ఈ ఏడాది ఏం చేస్తున్నావు, ఇంకా చెప్పాల్సింది ఏమైనా ఉందా. తిప్పితిప్పి ఇవే అడుగుతారు గానీ ప్రతిచోటా కొలత వేరు, మాట విరుపు వేరు. వచ్చిన రెండు వారాల్లో తిరిగి పంపాలని పిల్లలందరూ ఒక లెక్క పెట్టుకుంటారు. చాలా కాలేజీలు వచ్చిన దరఖాస్తులను వచ్చినట్టే చూస్తూ ఇంటర్వ్యూలకు పిలుస్తూ పోతాయి కాబట్టి ఆలస్యమయ్యేకొద్దీ ఖాళీలు తగ్గుతాయి. ఏటా 50 వేల మందికి పైగా అప్లై చేస్తే ఎండీ (ఇక్కడ మన ఎంబీబీఎస్ లాంటిది) కాలేజీల్లో చేరేది సుమారు 23 వేల మంది. ఇంట్లో టెన్షన్ ఎలా ఉంటుందో చెప్పక్కర్లేదు.

మా అమ్మాయికి ఎంక్యాట్ 513, జీపీఏ 3.8. మా ఆయన ఆ 513 చూసి, కాలేజీల్లో చేరేవాళ్ళ సగటు 511, 512 దగ్గర ఉందని తెలుసుకుని, "ఇక సీటు వచ్చినట్టే" అన్నారు. నేనూ అదే అనుకున్నాను. మన బుర్రలో ఉన్నది ర్యాంకు లెక్క కదా. తెలిసిన డాక్టరుగారొకరు, "మార్కులు గేటు దాకా తీసుకెళ్తాయి తల్లీ, లోపలికి పిలిచేది నువ్వు రాసిన దాన్ని చూసి" అని మా అమ్మాయితో అన్నారు. ఆ మాట విని నాకు భయం వేసింది. ఆ భయంలోనే ఈ ప్యాకేజీ కొన్నాం.

3,900 డాలర్లు. పదిహేను కాలేజీల సెకండరీ ఎస్సేలన్నీ దిద్దడం, ఏ ఎస్సే ఇచ్చినా 48 గంటల్లో తిరిగివ్వడం, రెండు మాక్ ఇంటర్వ్యూలు, ఏ రోజు ఏది పంపాలో చెప్పే ఒక క్యాలెండరు. ఫోన్‌లో మాట్లాడిన అమ్మాయి చాలా మర్యాదగా మాట్లాడింది. పిల్లకి కేటాయించే ఎడిటరు ఎవరని నేను అడగలేదు. అడిగి ఉండాల్సింది.

మంచి ముందు చెప్తాను. ఆ క్యాలెండరు నిజంగా బాగుంది. జూన్ మొదటి వారంలో ప్రైమరీ పంపగానే వాళ్ళు ఒక షీటు ఇచ్చారు. కాలేజీల పేర్లు, ఒక్కోటి కిందటేడు అడిగిన ప్రశ్నలు, అక్షరాల కొలత, ఫీజు, గడువు, క్యాస్పర్ లాంటి అదనపు పరీక్ష అడుగుతుందా లేదా, అన్నీ వరుసగా. చాలా కాలేజీలు ఏటేటా ప్రశ్నలు పెద్దగా మార్చవు కాబట్టి ఈమెయిల్ రాకముందే రాయడం మొదలుపెట్టొచ్చు. మా అమ్మాయి జూన్‌లోనే ఐదారు మూల ఎస్సేలు రాసి పెట్టుకుంది. జులైలో ఇరవై రోజుల్లో పద్నాలుగు సెకండరీలు వచ్చి పడ్డప్పుడు మేం మునిగిపోకుండా ఉన్నది అందువల్లే. తర్వాత తెలిసిందేమిటంటే, ఇలాంటి షీటు తన యూనివర్సిటీలో మెడిసిన్‌కి వెళ్ళే పిల్లలకి సలహాలిచ్చే ప్రీ-మెడ్ అడ్వైజరు దగ్గర కూడా ఉంది, ఉచితంగా. కొంచెం పాతది, అంతే తేడా.

ఇక ఎస్సేల దగ్గరికి వస్తాను.

2022 వేసవిలో మా అమ్మాయి రెండున్నర నెలలు మా ఊళ్ళో మా నాన్న దగ్గర ఉంది. నాన్నకి కిడ్నీలు పాడైపోయాయి. సోంపేట ఆసుపత్రిలో వారానికి రెండుసార్లు డయాలసిస్, ఒక్కోసారి నాలుగు గంటలు. ఉద్దానం సంగతి తెలుగువాళ్ళకి నేను కొత్తగా చెప్పక్కర్లేదు. కవిటి, సోంపేట, కంచిలి, ఇచ్ఛాపురం, మందస, వజ్రపుకొత్తూరు, పలాస, ఎక్కడికెళ్ళినా ఇంటికొకరు కాకపోయినా వీధికి ఒకరైనా ఈ జబ్బుతో కనిపిస్తారు. షుగర్ లేదు, బీపీ లేదు, అయినా కిడ్నీలు దెబ్బతిన్నాయని చెప్పే క్రియాటినిన్ పెరిగిపోతుంది. నీళ్ళన్నారు, ఎండలో ఒళ్ళు ఆరిపోయేలా పని చేయడమన్నారు, పురుగుమందులన్నారు, నొప్పి మాత్రలన్నారు. ఇదీ కారణమని ఎవరూ తేల్చి చెప్పలేకపోయారు.

మా నాన్నకి మూడెకరాల కొబ్బరితోట. డయాలసిస్ మీద ఉన్నవాళ్ళు కొబ్బరినీళ్ళు తాగకూడదు, పొటాషియం ఎక్కువ. ఆరు దాటిన పొటాషియం రిపోర్టు వస్తే మా ల్యాబ్‌లో నేను చేతిలో పని వదిలేసి వార్డుకి ఫోన్ చేయాలి, గుండె ఆగే ప్రమాదం ఉంటుంది. తోట నిండా బొండాలు, ఇంటికొచ్చిన ప్రతి మనిషికీ కొట్టించి ఇచ్చేవారు నాన్న. ఆయన మాత్రం చూస్తూ కూర్చునేవారు. మామూలు నీళ్ళకి కూడా లెక్కే. మా అమ్మాయి ఒక సీసా మీద గోళ్ళరంగుతో గీతలు గీసి, ఉదయం ఇంత, మధ్యాహ్నం ఇంత అని పంచి ఇచ్చేది. రాత్రికి కొంచెం మిగిలితే తాతయ్య దాన్ని పండగలా తాగేవారట. ఆ సంవత్సరం డిసెంబరులో నాన్న పోయారు.

ఈ సంగతినే మా అమ్మాయి ఒక సెకండరీలో రాసింది. ఆ సీసా, ఆ గీతలు, కొబ్బరితోట. చదువుతూ నేను ఏడ్చాను. నాన్న గురించి కాబట్టి ఏడ్చానేమో అనుకుని మళ్ళీ చదివాను. బాగా రాసిందనే అనిపించింది.

కంపెనీవాళ్ళు కేటాయించిన ఎడిటరు దాన్ని నాలుగు రోజుల తర్వాత తిప్పి పంపారు. సీసా లేదు. గోళ్ళరంగు లేదు. కొబ్బరితోట లేదు. అక్షరాలు మించుతున్నాయని తీసేశారట. వాటి బదులు వచ్చినవి ఇలా ఉన్నాయి: భారతదేశంలో మారుమూల నిరుపేద పల్లె, కలుషితమైన నీరు తాగి జబ్బున పడిన తాత, వైద్యం అందని జనం, అది చూసి ఆరోగ్య అసమానతలను రూపుమాపాలని నిశ్చయించుకున్న అమ్మాయి.

ఇంగ్లీషు చాలా బాగుంది, తప్పు పట్టడానికి లేదు. కానీ ఒక్క ముక్కా నిజం కాదు. మా నాన్న నిరుపేద కాదు. ఆసుపత్రి లేకపోవడం కాదు, ఆయన వారానికి రెండుసార్లు వెళ్ళిందే ఆసుపత్రికి. అన్నిటికంటే పెద్ద తప్పు ఆ నీళ్ళ మాట. ఇన్నేళ్ళుగా పరిశోధకులు తేల్చలేని కారణాన్ని ఆ ఎడిటరు ఒక్క వాక్యంలో తేల్చేశారు. ఆ ఎస్సే చదివేవాళ్ళలో ఒక కిడ్నీ డాక్టరు ఉంటే? అడ్మిషన్ కమిటీల్లో ఉండేది కాలేజీ డాక్టర్లు, ప్రొఫెసర్లే కదా. కారణం తెలియని కిడ్నీ జబ్బు అని వైద్యశాస్త్రం పేరు పెట్టుకున్న దానికి ఈ పిల్ల కారణం చెప్పేస్తోందేమిటి అనుకోరా? నేను ల్యాబ్‌లో పనిచేసే మనిషిని, తేలని రిపోర్టుని తేలిందని రాస్తే ఎంత తప్పో నాకు తెలుసు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

మా అమ్మాయి మెల్లగా, "అమ్మా, వాళ్ళకి అనుభవం ఉంది కదా, ఇలాగే పంపుదామా?" అంది. నన్ను ఎక్కువ బాధపెట్టింది ఈ మాటే. ఇరవై రెండేళ్ళ పిల్ల తన తాతయ్య గురించి తనకంటే వేరెవరికో బాగా తెలుసని నమ్మడానికి సిద్ధపడింది. డబ్బు కట్టామన్న మొహమాటం, గడువు దగ్గరపడుతోందన్న భయం, రెండూ కలిసి పిల్లల చేత ఇలాంటివి చేయిస్తాయి. పంపొద్దన్నాను.

అదే ఎడిటరు ఇంకో సలహా కూడా ఇచ్చారు. నీ నేపథ్యం గురించి అడిగిన ప్రశ్నలో తెలుగు, ఆంధ్రా అని మరీ రాయొద్దు, ఆసియా పిల్లలు ఎక్కువమంది అప్లై చేస్తారు, కలిసిపోతావు అని. ఈ భయం మన ఇళ్ళల్లో బాగా ఉంది కాబట్టి దీని గురించి కాస్త వివరంగా చెప్తాను. 2023 జూన్ 29న అమెరికా సుప్రీంకోర్టు అడ్మిషన్లలో జాతిని లెక్కలోకి తీసుకోవడాన్ని కొట్టేసింది. దాని తర్వాత చాలా కాలేజీలు ఈ ప్రశ్నని మార్చి, నీ జీవితానుభవం నిన్ను ఎలా తీర్చిదిద్దింది అని అడుగుతున్నాయి. అదే తీర్పులో, అభ్యర్థి తన జాతి తన జీవితం మీద ఎలా ప్రభావం చూపిందో స్వయంగా రాస్తే దాన్ని కాలేజీ పరిగణించడంలో అడ్డేమీ లేదని కూడా ఉంది. అంటే గళ్ళలో టిక్కు పెట్టిన దానికి విలువ పోయింది, బతుకు రాసిన దానికి ఉంది. అలాంటప్పుడు పిల్ల తన ఊరిని దాచుకుని ఏం రాస్తుంది?

48 గంటల మాట కూడా జులైలో నిలబడలేదు. మూడు రోజులు, నాలుగు, ఒకసారి ఆరు. ఎందుకో తర్వాత అర్థమైంది. అన్ని కాలేజీలకూ దరఖాస్తులు ఒకేసారి చేరతాయి, సెకండరీలు ఒకేసారి వస్తాయి, వాళ్ళ కస్టమర్లందరూ ఒకేసారి ఎస్సేలు పంపుతారు. జులైలో రద్దీ ఉంటుందని వాళ్ళకి ముందే తెలుసు. తెలిసీ 48 గంటలని కాగితం మీద రాసి అమ్మడం న్యాయం కాదు. జులైలో ఎంత పడుతుందో విడిగా అడగండి, ఈమెయిల్లో రాయించుకోండి.

అసలు సంగతి ఇంకా ఉంది. జులై చివర్లో మా ఇంట్లో చిన్న పూజ చేసుకున్నాం. తెలిసినవాళ్ళ అబ్బాయి కూడా వచ్చాడు, అతనూ అదే ఏడాది అప్లై చేస్తున్నాడు. పిల్లలిద్దరూ మేడ మీద కూర్చుని ఒకరి ఎస్సేలు ఒకరు చదువుకున్నారు. కాసేపటికి మా అమ్మాయి పాలిపోయిన మొహంతో కిందికొచ్చింది. ఒక కాలేజీకి ఇద్దరూ రాసిన "మీ కాలేజీయే ఎందుకు" అన్న జవాబులో ఒక వాక్యం అక్షరం పొల్లుపోకుండా ఒకటే. పరిశోధన, సేవ అల్లుకుపోయిన తీరు నా మనసుకు దగ్గరగా ఉంది, అని. ఇద్దరిదీ ఒకటే కంపెనీ. ఇద్దరూ ఆ వాక్యం రాయలేదు, దిద్ది వచ్చిన కాపీలో ఉంది.

ఆ కాలేజీ టేబుల్ మీదికి ఆ రెండు ఎస్సేలూ చేరి ఉంటే పిల్లలే కాపీ కొట్టారనుకునేవాళ్ళు. ఆమ్‌కాస్‌లో సంతకం పెట్టేటప్పుడు, రాసినదంతా నా సొంతమని పిల్లలు ఒప్పుకుంటారు. సలహాదారుల సాయం, ఏఐ సాయం కూడా ఆలోచనలకూ తప్పులు దిద్దుకోవడానికీ వాడుకోవచ్చు, కానీ చివరికి పంపేది తమదే అయ్యుండాలని అందులో స్పష్టంగా ఉంది. సంతకం కంపెనీది కాదు, పిల్లలది. మాట పడాల్సి వస్తే పడేది పిల్లలే.

మరుసటి రోజు నేనే ఫోన్ చేశాను. కోపంగానే మాట్లాడాను. డబ్బు వెనక్కివ్వమంటే నిబంధనలు చదివి వినిపించారు. ఎడిటరును మార్చమన్నాను, దానికి ఒప్పుకున్నారు.

రెండో ఆవిడ రాకతో మా వేసవి మారింది. ఈ రివ్యూలో నేను నిండు మనసుతో మెచ్చుకునేది ఆవిడనే. చాలా ఏళ్ళు ఒక మెడికల్ కాలేజీ అడ్మిషన్ ఆఫీసులో పనిచేసి రిటైరయ్యారట. ఎస్సే పంపమని అడగలేదు. గంటసేపు ఫోన్‌లో మాట్లాడదాం అన్నారు. నేను వంటింట్లో ఉన్నాను, స్పీకరులో వింటూనే ఉన్నాను. ఆవిడ ఒక్క సలహా ఇవ్వలేదు. ప్రశ్నలే అడిగారు.

"డయాలసిస్ జరిగే నాలుగు గంటలూ నువ్వెక్కడ కూర్చునేదానివి?"

"తాతయ్య పక్కన స్టూలు మీద."

"ఏం చేసేదానివి?"

"మొదట్లో ఫోన్ చూసుకునేదాన్ని. తర్వాత పక్క మంచం మామ్మగారి కొడుకు పొలం పనికి వెళ్ళిపోతే ఆవిడకి కూడా తోడు ఉండేదాన్ని. ఆవిడ కాళ్ళు తిమ్మిర్లు పట్టి అరిచేవారు, నర్సుని పిలిచేదాన్ని, కాళ్ళు పట్టేదాన్ని."

"సీసా మీద గీతలు గీయమని ఎవరు చెప్పారు?"

"ఎవరూ చెప్పలేదు. తాతయ్య దొంగతనంగా నీళ్ళు తాగేసి నాతో అబద్ధం చెప్పేవారు. నేను తిట్టేదాన్ని. ఒకరోజు ఆయన ఏడ్చారు. తిట్టకుండా ఎలా చేయాలా అని గీతలు గీశాను."

ఈ చివరి జవాబు నేను అప్పటిదాకా వినలేదు. నా కూతురు నా తండ్రిని తిట్టిందనీ, ఆయన ఏడ్చారనీ నాకు తెలియదు. స్టవ్ ఆపేసి అక్కడే కూర్చుండిపోయాను. ఆవిడ ఒక నిమిషం ఆగి, "నువ్వు రాసిన దాంట్లో ఈ తిట్టడం లేదే" అన్నారు. అంతే. ఆ రాత్రే మా అమ్మాయి ఆ ఎస్సే మొత్తం తిరగరాసింది. ఈసారి అందులో తను మంచి మనవరాలు కాదు. ఓపిక లేని మనవరాలు, ఓపిక నేర్చుకున్న మనవరాలు. ఉద్దానంలో కారణం ఇంకా తేలలేదన్న మాటని కూడా ఉన్నదున్నట్టు రాసింది. తర్వాత వచ్చిన ఇంటర్వ్యూల్లో రెండుచోట్ల ఆ సీసా గురించే అడిగారు.

ఆవిడ ఎస్సేలో ఒక్క వాక్యం కూడా రాసివ్వలేదు. మార్జిన్‌లో ప్రశ్నలు రాసేవారు: ఇది నువ్వు చూశావా, విన్నావా? ఈ మాట నువ్వు నోటితో అంటావా? ఈ కాలేజీ పేరు తీసేసి ఇంకో కాలేజీ పేరు పెడితే ఈ పేరా మారుతుందా? ఈ చివరి ప్రశ్నతో "మీ కాలేజీయే ఎందుకు" ఎస్సేలు చాలావరకు చెత్తబుట్టలోకి వెళ్ళాయి, కొత్తవి వచ్చాయి. ఉదాహరణకి క్లీవ్‌లాండ్ క్లినిక్ లెర్నర్ కాలేజీ. కేస్ వెస్ట్రన్ యూనివర్సిటీ కింద నడిచే ఐదేళ్ళ ప్రోగ్రామ్, ఏడాదికి 32 మందినే తీసుకుంటారు, చేరినవాళ్ళెవరికీ ట్యూషన్ ఫీజు ఉండదు. ఫీజు లేదని నేను ఆశపడ్డాను. ఆవిడ మా అమ్మాయిని అడిగింది ఒక్కటే: "ఆ అదనపు ఏడాది పరిశోధనకి. నీకు పరిశోధన ఇష్టమా, లేక ఫీజు లేకపోవడం ఇష్టమా?" తను నిజం చెప్పింది. ఆ సెకండరీ పంపలేదు. ఆ వారమంతా మా ఒహాయో ప్రభుత్వ కాలేజీల మీద పెట్టింది. రాష్ట్రంలో పెరిగినవాళ్ళకి మొగ్గు ఉండేది అక్కడే.

కొలంబస్‌లో భూటాన్ నుంచి వచ్చిన నేపాలీ కుటుంబాలు చాలా ఎక్కువ. మా అమ్మాయి వారం వారం వెళ్ళే ఉచిత క్లినిక్‌కి వాళ్ళే ఎక్కువగా వస్తారు. బీపీ మాత్రలు భార్యాభర్తలిద్దరూ పంచుకుని వేసుకుంటున్న ఒక ముసలాయన సంగతి తను ఎప్పుడో నాతో చెప్పింది, ఎస్సేలో మాత్రం పెట్టలేదు. గంటల లెక్క రాసింది, ఆయన్ని వదిలేసింది. రెండో ఎడిటరు ఆవిడ అడిగితే ఆయన సంగతి బయటికొచ్చింది. ఒహాయోలోనే డాక్టరుగా ఉండాలని ఎందుకనుకుంటున్నావు అన్న ప్రశ్నకి అంతకంటే మంచి జవాబు ఏముంటుంది?

మాక్ ఇంటర్వ్యూలు రెండూ ఆవిడే చేశారు. 2020 తర్వాత చాలా కాలేజీల ఇంటర్వ్యూలు వీడియోలోనే జరుగుతున్నాయి. కొన్ని మామూలుగా కూర్చోబెట్టి మాట్లాడేవి, కొన్ని ఎంఎంఐ అని చిన్న చిన్న గదుల్లాగా, ఒక్కోచోట కొన్ని నిమిషాలే, ఒక్కో సమస్య ఇచ్చి ఏం చేస్తావని అడుగుతారు. మా పిల్ల జవాబు బట్టీపట్టినట్టు చెప్తోందని ఆవిడ మొదటి పది నిమిషాల్లోనే పట్టేశారు. మనం పిల్లల్ని పెంచే తీరులో ఉన్న అలవాటు అది, నేను ఒప్పుకుంటాను. ఆ రెండు గంటలకీ నేను ఎంతైనా ఇస్తాను.

ఖర్చు విషయం. ప్యాకేజీ కాకుండా మాకు అయింది ఇది. ఆమ్‌కాస్‌కి మొదటి కాలేజీకి 175 డాలర్లు, తర్వాత ఒక్కోదానికి 45 పైచిలుకు. ఇరవై రెండు కాలేజీలకి 1,100 దాటింది. సెకండరీ ఫీజులు ఒక్కోటి 75 నుంచి 150 మధ్య, మొత్తం రెండు వేల దరిదాపుల్లో. ఎంక్యాట్ ఫీజు, క్యాస్పర్ ఫీజు వేరే. ఆదాయం తక్కువున్న కుటుంబాలకి అమెరికా మెడికల్ కాలేజీల సంఘం ఏఏఎంసీ ఫీజు సాయం ఇస్తుంది. మంజూరైతే ఎంక్యాట్ ఫీజు తగ్గుతుంది, 20 కాలేజీల దాకా ఆమ్‌కాస్ ఉచితం, చాలా కాలేజీలు సెకండరీ ఫీజు కూడా వదిలేస్తాయి. ఎంక్యాట్‌కి, ఆమ్‌కాస్‌కి డబ్బు కట్టకముందే దీనికి అప్లై చేయాలి, కట్టేసిన డబ్బు వెనక్కి రాదు. మన వాళ్ళు అడగడానికి మొహమాటపడతారు, పడొద్దు.

అదే సంఘం అమ్మే ఎంఎస్ఏఆర్ అనే ఆన్‌లైన్ పుస్తకం ఏడాదికి 30 డాలర్లకి అటూ ఇటూగా. ఏ కాలేజీలో చేరినవాళ్ళ మార్కులెంత, సొంత రాష్ట్రం పిల్లలెంతమంది, బయటివాళ్ళెంతమంది, అన్నీ అందులో ఉంటాయి. ఇంకో ముఖ్యమైన సంగతి: హెచ్-4 వీసా మీద పెరిగి ఇంకా గ్రీన్ కార్డు రాని పిల్లలున్న ఇళ్ళకి ఇది తప్పనిసరి. చాలా కాలేజీలు సిటిజన్లనీ గ్రీన్ కార్డు ఉన్నవాళ్ళనీ తప్ప తీసుకోవు, కొన్ని తీసుకున్నా నాలుగేళ్ళ డబ్బు ముందే చూపించమంటాయి. ఆ వివరం ఇందులో కాలేజీవారీగా ఉంటుంది. మా స్నేహితురాలి కొడుకు ఇది చూడకుండా తొమ్మిది కాలేజీలకి ఫీజు కట్టేశాడు, ఆ తొమ్మిదీ అతని దరఖాస్తు చూడనే చూడవు. ఆ పిల్లాడు ఇక్కడికి రెండేళ్ళ వయసులో వచ్చాడు. తల్చుకుంటే ఇప్పటికీ నా మనసు చివుక్కుమంటుంది.

మాకు నాలుగు ఇంటర్వ్యూలు వచ్చాయి. రెండు వెయిట్‌లిస్టులు, ఒక రిజెక్టు, ఫిబ్రవరిలో మా రాష్ట్రంలోనే ఒక కాలేజీ నుంచి సీటు. 2025 ఆగస్టులో చేరింది.

కంపెనీవాళ్ళు స్టార్లు ఇవ్వమని మూడుసార్లు ఈమెయిల్ పెట్టారు. నేను ఐదుకి మూడు ఇచ్చాను. ఆ మూడూ ఆ రెండో ఆవిడవీ, క్యాలెండరువీ. ఎస్సేలు దిద్దడానికి సున్నా. ఇంకో రెండేళ్ళలో మా అబ్బాయి అప్లై చేస్తానంటే మాత్రం ప్యాకేజీ కొనను. గంటకింత అని తీసుకునే మనిషిని, అడ్మిషన్ ఆఫీసులో పనిచేసిన మనిషిని వెతుకుతాను, జులైలో కాదు, మే నెలలో. నాలుగు గంటలు కొంటాను. డబ్బు కట్టేముందు ఒకటే అడుగుతాను, మీరు నా పిల్లాడి వాక్యాలు తిరగరాస్తారా అని. రాస్తామంటే ఫోన్ పెట్టేస్తాను.

గుడిలో అడిగిన ఆవిడకి ఇవన్నీ నిలబడి చెప్పలేక, అబ్బాయిని వచ్చే ఆదివారం మా ఇంటికి పంపమన్నాను. ఆ రోజు మా అమ్మాయి భోజనానికి ఇంటికొస్తుంది. ఆ రెండో ఎడిటరు మార్జిన్లలో రాసిన ప్రశ్నలన్నీ తను ఒక నోటుబుక్కులో ఎత్తి రాసుకుంది, అది తీసుకురమ్మని చెప్పాను.